లవోన్ చేప యాభై మూడు అంగుళాలు

లవోన్ ప్రిబిల్ ఏ అంకె చెప్పినా అందులోంచి అయిదు తీసేయడం మా ఊళ్ళో తొమ్మిదేళ్ళుగా ఆనవాయితీ. ఆమె బడిలో వంటమనిషి. "ఇంకో ఇరవై నిమిషాల్లో సూపు తయారు" అంటే, "అంటే పదిహేనన్నమాట" అని పంతుళ్ళు నవ్వుకుంటారు. పుట్టినరోజున "నాకు యాభై ఎనిమిది నిండాయి" అంటే, కేకు ముక్క అందుకునేవాడు కూడా "పోనీలే, యాభై మూడేగా" అంటాడు. అనేవాళ్ళకి అదొక సరదా. పడేవాళ్ళకి కదా తెలిసేది. తొమ్మిదేళ్ళలో లవోన్ ఆ మాటకి ఒక్కసారి కూడా నవ్వలేదు.

దీనికంతటికీ మూలం ఒక చేప, ఒక మనిషి. మనిషి పేరు డెల్మర్ హాగ్‌లండ్. లవోన్‌తో ఒకే బడిలో చదువుకున్నవాడు.

ఫ్లాంబో నదిలో మస్కీ అనే పెద్ద వేటచేపని పట్టేవాళ్ళు దాన్ని చంపరు, తినరు. కొలిచి వదిలేస్తారు. వదిలేశాక చేతిలో మిగిలేది మాటే. అందుకే పెళ్ళాన్ని వదిలేసి పోయినవాడు తిరిగొస్తే మావాళ్ళు బల్ల దగ్గర చోటిస్తారు గానీ, చేప కొలత పెంచి చెప్పినవాణ్ణి మాత్రం కాటికి పోయేదాకా వదిలిపెట్టరు. కార్లీన్ నడిపే బారులో, సీసాల వెనక గోడకి ఒక పాత తెడ్డు ఉంది. కయాక్‌లో, అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవలో, కూర్చుని పట్టిన చేపల్లో అన్నిటికన్నా పొడుగుది ఎవరిదైతే వాళ్ళ పేరూ, అంగుళాలూ దానిమీద తెల్లరంగుతో రాస్తారు. ఫొటో ఉంటే సరే సరి. లేకపోతే కళ్ళారా చూసినవాళ్ళెవరైనా అందరి ముందూ నిలబడి చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట ఆ తెడ్డు మీద ఉన్న పేరు డెల్మర్‌ది. యాభై ఒకటిన్నర.

లవోన్ కయాక్ పాతది, ఆకుపచ్చది, ఎవరో తీసిపారేస్తుంటే తెచ్చుకున్నది. నలభై ఏళ్ళు దాటాక, వంటింటి పొయ్యిల సెగ నుంచి తప్పించుకోవడానికి నది మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. చేయి తిరిగింది. మస్కీ పొగరుబోతు చేప. ఎర వెంట పడవ దాకా వస్తుంది, కరవకుండా ఆగి చూస్తుంది. అప్పుడు ఎరని పైకి లాగేసినవాడు వెర్రివెధవ. గాలం కర్ర కొసని నీళ్ళలో ముంచి, ఎనిమిది అంకె గీసినట్టు తిప్పుతూ ఉండాలి. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా లవోన్ ఆ ఎనిమిది గీయకుండా ఎర పైకి తీసేది కాదు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక అక్టోబరు శనివారం ఆ ఎనిమిది మలుపులోనే ఒక మస్కీ కరిచింది. మోకాలికి జానెడు దూరంలో నీళ్ళు పగిలినట్టయింది. వలలోకి తెచ్చేసరికి లవోన్ నిలువెల్లా తడిసింది, ఫోను చచ్చింది. అదే సమయానికి డెల్మర్ తన కయాక్‌లో అటు వచ్చాడు. వాడి దగ్గరా ఫోను లేదు. సాయం పట్టాడు. కొలత పలకకి చేప మూతి ఆనించి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి, అంకె చదివింది కూడా వాడే.

"యాభై మూడు! ఓరి నాయనో, యాభై మూడు, లవోన్!"

సాయంత్రం బారులో లవోన్ యాభై మూడంది. కార్లీన్ రంగు బుడ్డి తీసి, "ఎంత, డెల్మర్?" అని అడిగింది. డెల్మర్ తెడ్డు మీద ఉన్న తన పేరు వైపు చూశాడు. గ్లాసు కింద పెట్టాడు.

"నలభై ఎనిమిది. మంచి చేపే, కాదన్ను. బళ్ళో పిల్లలకి వడ్డించే చెయ్యి కదా, కాస్త ఎక్కువ పడుద్ది!"

బారంతా గొల్లుమంది. నిజం చెప్పేవాళ్ళకి అబద్ధం ఎదురైతే వెంటనే నోరు పెగలదు, అదే వాళ్ళకి వచ్చిన చిక్కు. లవోన్ మొగుడు లైల్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ట్రక్కుని ఇంటి ముందు ఆపి, "పోనీలేవే, నలభై ఎనిమిదైనా గొప్పేగా" అన్నాడు.

డెల్మర్ మాట ఒంటికి తగిలింది. లైల్ మాట లోపలికి దిగింది. ఆ రోజు నుంచి లవోన్ నది మీదికి ఫోను తీసుకెళ్ళలేదు, పలకా తీసుకెళ్ళలేదు. పట్టిన చేపని పట్టినట్టే వదిలేసేది, ఎవరికీ చెప్పేది కాదు. శనివారం శనివారం తెడ్డు వేసుకుంటూ ఒకే కోరిక కోరుకునేది: డెల్మర్ కయాక్ బోల్తా పడాలి. వాడు చావనక్కర్లేదు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి పళ్ళు కటకటలాడిస్తూ, వచ్చి కాపాడమని తనని బతిమాలాలి. ఈ కోరిక పాపమని ఆమెకి ఒక్కనాడూ అనిపించలేదు. నాకూ అనిపించదు.

ఈ అక్టోబరులో, పంతుళ్ళ సమావేశాలకని బడికి సెలవిచ్చిన శుక్రవారం, మధ్యాహ్నం వేళ, రాళ్ళ సుడి దిగువన వంపు తిరిగేసరికి లవోన్‌కి ఒక కేక వినిపించింది. గులకరాళ్ళ మేట పక్కన, మోకాలి లోతు నీళ్ళలో, డెల్మర్ వంగి నిలబడి ఉన్నాడు. ఎడమ చేత్తో వల పట్టుకున్నాడు. వలలో చేప. చేప దవడలో చెక్క ఎర. ఆ ఎరకున్న రెండో కొక్కెం డెల్మర్ కుడి అరచేతిలో, బొటనవేలి పక్క కండలో దిగిపోయి ఉంది. చేప ఒక్కసారి విదిలిస్తే చెయ్యి కూడా వెంట పోతోంది, వాడు కుయ్యోమంటున్నాడు.

"నీ కట్టరేది?" అంది లవోన్, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని.

"నీళ్ళలో పడిపోయింది! తాడు కట్టలా!"

కయాక్‌లో ఎక్కేవాడు ప్రతి వస్తువుకీ తాడు కట్టుకోవాలి. డెల్మర్ గాలం కర్రలకి కట్టాడు, బీరు డబ్బాకి కూడా కట్టాడు. ప్రాణం మీదికొస్తే కొక్కెం కత్తిరించే కట్టరుకి మాత్రం కట్టలేదు. లవోన్ కట్టరు ఆమె నడుముకే వేలాడుతోంది. దాన్ని చేత్తో ఒకసారి నిమిరింది.

"నా చేప ఎంతుంది, డెల్మర్?"

"ఏ చేప? అబ్బా, ఇప్పుడా!"

"తొమ్మిదేళ్ళు ఆగాను. నాకేం తొందర్లేదు. ఎంతుంది?"

చేప తల విదిలించింది. డెల్మర్ మోకాళ్ళ మీద పడ్డాడు.

"యాభై మూడే తల్లీ! యాభై మూడు! నాకు తెలీదా? సాయంత్రం అందరి ముందూ చెప్తాను, ఒట్టు! ముందు కొయ్యి!"

తొమ్మిదేళ్ళుగా వినాలనుకున్న మాట అది. తీరా వింటే లవోన్‌కి ఏమీ అనిపించలేదు. అక్కడ విన్నది ఎవరు? తనూ, చేపా. అయినా దిగింది. చేప వైపున్న కొక్కెం కాడని కట్టరుతో పుటుక్కుమనిపించింది. చేపకీ మనిషికీ తెగింది.

చెయ్యి నెత్తురోడుతుంటే, చేతిలో కొక్కెం అలాగే ఉంటే, డెల్మర్ అడిగిందేమిటో తెలుసా?

"కొలువు! కొలువు లవోన్, నా పలక అక్కడుంది! దీన్ని చూశావా, ఎంతుందో!"

చూసింది. అంత మస్కీని ఆమె కూడా ఎన్నడూ చూడలేదు. పలక తెచ్చింది. తడిచేతులతో చేపని ఎత్తి మూతి ఆనించింది. డెల్మర్ ఎడమ చేత్తో తోక నొక్కాడు. యాభై నాలుగూ పావు.

"ఫొటో! ముందు సంచిలో ఫోనుంది, తియ్యి!"

నీళ్ళు మంచుకి అన్నలా ఉన్నాయి. అలాంటి నీళ్ళలో ఇంకో నిమిషం పట్టుకున్నా చేపకి ఏమీ కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. లవోన్ చేపని నీళ్ళలోకి దించి, తోక మొదలు పట్టుకుని, అది మొప్పలాడించి నిలదొక్కుకునేదాకా ఆగి, వేళ్ళు విప్పింది.

"అయ్యో, జారిపోయిందే!" అంది.

డెల్మర్ నోరు తెరిచి నీళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు లవోన్ వాడి చెయ్యి అందుకుని, ముల్లు కొసని కండలోంచి పైకి పొడిచి, కత్తిరించి, మిగతాది వెనక్కి లాగింది. మెల్లగా లాగింది. వాడు అరుస్తుంటే ఆమె ప్రాణానికి హాయిగానే ఉంది.

"సాయంత్రం కార్లీన్ దగ్గరికి నేనూ వస్తాను. ఫొటో లేకపోతే ఏం, నేను చూశాగా" అంది.

శుక్రవారం శుక్రవారం ఉండే చేపల వేపుడుకి ఆ సాయంత్రం బారు కిటకిటలాడుతోంది. లైల్ అప్పటికే ఎవరి బండిలోనో వచ్చి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. డెల్మర్ కట్టు కట్టిన చెయ్యి జెండాలా ఎత్తుకుని వచ్చాడు. అందరికీ బ్రాందీ పోయమన్నాడు. చేప వచ్చిన తీరు, కరిచిన తీరు, తను దాన్ని తిప్పుకున్న తీరు గంటసేపు చెప్పాడు. లవోన్ గోడకి ఆనుకుని వింది. ఒట్టు వేసిన మాట ఇప్పుడొస్తుంది, ఇంకాసేపటికి వస్తుంది అని చూసింది. ఆ మాట ఒక్కటే రాలేదు.

"యాభై నాలుగూ పావు! రాసుకో కార్లీన్. ఇదిగో, సాక్షి లవోన్!"

"పావు సంగతి సరే, అయిదు తీసెయ్యాలా వద్దా?" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. డెల్మర్ కూడా నవ్వాడు. మధ్యాహ్నం తన చెయ్యి కాపాడిన మనిషి ముందే, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

కార్లీన్ కుంచె పట్టుకుని, "చెప్పు లవోన్, ఎంతుంది?" అంది.

"ఏమో, కార్లీన్. నేను చూసింది కొక్కెం దిగిన చెయ్యి. చేప ఉందేమో, సరిగ్గా చూళ్ళేదు."

డెల్మర్ మొహం కందగడ్డ అయింది. "చూళ్ళేదా? నీ చేత్తో కొలిచావు గదే! కావాలనే ఫొటో తియ్యకుండా వదిలేశావు! నీ యాభై మూడుని నలభై ఎనిమిది చేశానని తొమ్మిదేళ్ళు కడుపులో పెట్టుకుని, ఇప్పుడు నా మీద..."

అంతవరకూ వచ్చి ఆగాడు.

"మళ్ళీ చెప్పు, డెల్మర్," అంది కార్లీన్ నెమ్మదిగా. "ఎంతని నలభై ఎనిమిది చేశావు?"

వాడు తలొంచుకున్నాడు. కార్లీన్ అడుగుతూనే ఉంది. మూడోసారికి, ఎవరికీ వినపడనట్టుగా, "యాభై మూడు" అన్నాడు. "గట్టిగా" అంది లవోన్. గట్టిగా చెప్పాడు.

కార్లీన్ కుంచె తడిపి లవోన్ పేరు రాసింది. పక్కన యాభై మూడు వేసింది. తొమ్మిదేళ్ళ కిందటి తారీఖు కూడా వేసింది. ఆ రంగు ఆరకముందే లవోన్ అంది:

"దాని పైన వాడిది రాయి. యాభై నాలుగూ పావు. నేనే కొలిచాను. కింద 'చూసినవారు: లవోన్ ప్రిబిల్' అని రాయి. కనపడేలా రాయి."

జాలిపడి చెప్పిందనుకునేరు. జాలీ లేదు, గీలీ లేదు. వాడు బతికున్నన్నాళ్ళూ ఆ తెడ్డు కింద కూర్చుని తాగాలి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ, ఈ చేప నిజమేనా అని అడగాలి. నిజమే, లవోన్ చెప్పింది అని వాడి నోటితో వాడే చెప్పుకోవాలి. ఆమెకి కావలసింది అదే. డెల్మర్ గ్లాసు నిండుగా వదిలేసి వెళ్ళిపోయాడు.

అందరూ వచ్చి లవోన్ భుజం తట్టారు. లైల్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకు మొదట్నించీ తెలుసే!" అన్నాడు.

లవోన్ మొగుడి మొహంలోకి చూసింది. డెల్మర్ తొమ్మిదేళ్ళ కిందట ఆడిన అబద్ధం కన్నా ఈ అబద్ధం ఆమెని ఎక్కువ మండించింది.

"వాడు తెడ్డు మీద పేరు కోసం ఆడాడు, లైల్. నువ్వు దేనికోసం నమ్మావు?"

లవోన్ కోటు తగిలించుకుని బయటికి నడిచింది. వెనక కయాక్ కట్టి ఉన్న ట్రక్కు ఎక్కి, తలుపు వేసుకుని, గడియ నొక్కింది. లైల్ పరిగెత్తుకొచ్చి అద్దం మీద తట్టాడు. బయట మంచు రవ్వలు మొదలయ్యాయి, వాడి ఒంటిమీద పల్చటి చొక్కాయే ఉంది. లవోన్ అద్దం నాలుగు వేళ్ళ మేర దించింది.

"ఇంటికి మూడు మైళ్ళు," అంది. "నా మాట మీద నమ్మకం లేకపోతే, అడుగులు లెక్కపెట్టుకుంటూ రా."