ఝుర్వందీ భాషలో లేని మాట

ఆ రోజుల్లో బెంగళూరులో డిగ్రీ చేతికొచ్చినవాడికి ఏదో ఒక కంపెనీ ఏదో ఒక కుర్చీ చూపించేది. ఆ కుర్చీకి ఐదు చక్రాలూ ఉంటాయా లేదా అన్నది మాత్రం ఎవరి అదృష్టం వారిది. నాకు దొరికినదానికి నాలుగే. కాడుగోడి స్టేషనుకు దగ్గర్లో, ప్లైవుడ్ దుకాణం మీద రెండో అంతస్తులో, మొబైల్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ అది. (ఇప్పుడక్కడికి మెట్రో వెళుతుంది. నేను వెళ్ళినన్నాళ్ళూ కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారి, నిలబడే వెళ్ళాను. నేను మానేశాకే ఎక్కడైనా సౌకర్యాలు వస్తాయి.) వాళ్ళు చేస్తున్న ఆటలో ఝుర్వంద్ అని లోకంలో లేని దేశం ఒకటుంది. ఆ లేని దేశానికి ఒక కొత్త భాష కావాలి. దాన్ని తయారుచేయడమే నా ఉద్యోగం. ఇరవై మూడేళ్ళవాడికి ఇంతకంటే గొప్ప పని ఇంకేముంటుందని నిజంగానే అనుకున్నాను.

మా యజమాని బెజవాడ వైపు మనిషి. ప్రతి రెండో వాక్యంలో 'విజన్' అనేవాడు గనక ఆయన వెనకాల అందరం విజన్‌గారనే పిలిచేవాళ్ళం. ఇంటర్వ్యూ గదిలో ఉక్కపోస్తుంటే నేను మర్యాదగానే, "ఆడ ఫ్యాను ఉండాది, వేసేదా సార్?" అని అడిగాను. ఆయన పక్కనున్నవాళ్ళ వైపు చూసి, "మీ ఇంట్లో మాట్లాడేది తెలుగేనా బ్రో? మాకు సబ్‌టైటిల్స్ కావాలేమో!" అన్నాడు. గదిలో నలుగురూ నవ్వారు. మా వాళ్ళు కాటన్‌పేటలో నాలుగు తరాలుగా దూది వ్యాపారం చేసుకుంటూ, బయట కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ బతికారు. మా తెలుగు అర్థం కాలేదని దూది కొనేవాళ్ళెవరూ వెనక్కి పోలేదు. ఆ నలుగురిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి నవ్వు ఆఖరున ఆగిందో ఇప్పటికీ చెప్పగలను. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను, ఇతని నోరు తిరగని భాష తయారుచేసి పెడతానని. ఆట మొదలవగానే తెర మీద 'ఝుర్వందీ భాష' అని, దాని కింద నా పేరు ఒక్కటే పడుతుందని ఆయనే మాట ఇచ్చాడు. ఆ ఒక్క మాట కోసమే నాలుగు చక్రాల కుర్చీని భరించాను.

నాలుగు నెలలు కూర్చుని నలభై పేజీల నోటుబుక్కు నింపాను. కత్తికి ఏడు మాటలు, శత్రువుకు ఆరు, శాపాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం. 'గ్రఖ్ఠోమ్' అంటే ఖడ్గం. ఒక్కో మాట పలికితే గొంతులో కంకర నూరినట్టుండేది. విజన్‌గారు మొదటి పేజీ పైకి చదవబోయి, దగ్గి, నీళ్ళు తాగి, "ఇంటెన్స్‌గా ఉంది బ్రో" అన్నాడు. ఆ దగ్గు విన్న ఆనందం నాకు వారం రోజులుంది.

రికార్డింగు రోజున రాణి పాత్రకు పిలిపించిన నటీమణి అరగంట ప్రయత్నించి, "ఇది భాషండీ, గొంతు నొప్పా?" అని అడిగి, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. స్టూడియో మాకు సాయంత్రం దాకానే. విజన్‌గారు గడియారం చూసి, "సాయంత్రంలోగా రాణి గొంతు దొరక్కపోతే అందరితో ఇంగ్లీషే మాట్లాడిస్తా. అప్పుడిక భాషా ఉండదు, నీ పేరూ ఉండదు" అన్నాడు. నాకు వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. కాటన్‌పేటలో మూడో అంతస్తు నుంచి ఆమె పిలిచిందంటే వీధి చివర పూలమ్మే ఆమె బుట్ట దింపి వెనక్కి చూసేది. అలాంటి గొంతు ఏ రాణికుంటుంది? ఫోన్ చేశాను. (ఎవరి బలవంతమూ లేదు. నా చేతులతో నేనే చేశాను.)

అత్త ఆటోలో దిగింది, చేతిలో చిత్రాన్నం క్యారియరుతో. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, ఇవతలి నుంచి నేను మైకులో చెప్పాను: "అత్తా, నువ్వు రాణివి. పన్నెండేండ్లు యుద్ధానికి పోయిన కొడుకు తిరిగొచ్చినాడు. కాగితంలో ఉండేది సుమ్నే, ఊరికే చదివేయి, చాలు."

"అర్థం తెలీకుండా ఎట్ల చదివేదప్పా? ఏమంటాంది ఈయమ్మ?"

"'వీరుడా, నీ ఖడ్గం ఎంత రక్తం తాగింది?' అంటాంది."

అత్త హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంట్లో ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంటే ఎవరికో మూడిందన్నమాట.

"పన్నెండేండ్లకు బిడ్డ ఇంటికొస్తే, కత్తి ఏం తాగిందని అడుగుతుందా తల్లి? బిడ్డ తిన్నాడా లేదా అని అడగదా?"

"ఆంటీ, ఆమె వారియర్ క్వీన్" అన్నాడు విజన్‌గారు.

"క్వీన్ అయితే బిడ్డకు ఆకలి కాదా నాయనా?" అని, నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పప్పా. అన్నం తిన్నావా అనేదానికి మీ భాషలో ఏమంటారు?"

నలభై పేజీలూ తిరగేశాను. అన్నం లేదు. తినడం ఉంది గానీ, అది రాబందులు శవాలను తినడం. శత్రువుకైతే ఆరు మాటలున్నాయని, అన్నానికి లేదని ఒప్పుకున్నాను.

"శత్రువుకు ఆరు మాటలుండాయంట, అన్నానికి ఒకటీ లేదంట. ఏం దేశమప్పా ఇది! మన వీధిలో ఎవురు ఎదురైనా 'ఊట ఆయ్తా', అన్నమైందా అని అడక్కుండా దాటిపోతారా? నువ్వు ఈ ఊర్లోనే కదా పుట్టింది?"

"అత్తా, అట్ల ఊరికే చేర్చేదానికి కాదు. దీనికి నియమాలుండాయి."

"ఉండనీ. అది అడగందే నేను నోరు తెరవను."

విజన్‌గారికి గడియారం తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. "ఆంటీ, మీకేది తోస్తే అది అనేయండి. ఫీల్ ముఖ్యం" అన్నాడు. నాలుగు నెలల నా కష్టం ఆ ఒక్క వాక్యంలో పోయింది. అత్త హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తూ, "లూమెనా?" అంది. అంత మెత్తగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. సౌండు చూసే అతని చేయి మీట మీద అలాగే ఆగిపోయింది. విజన్‌గారు టీషర్టుతో కళ్ళు తుడుచుకున్నాడు. (ఆఫీసు కింది ప్లైవుడ్ పొట్టు ఎలర్జీ అని తర్వాత చెప్పాడు.)

"సూపర్! ఇప్పుడు కొడుకు ఏమంటాడు? తొందరగా చెప్పు బ్రో."

"నేను రాయని మాటకు నేను జవాబు రాయను" అన్నాను.

రాయలేదు. కొడుకు పలక్కుండా అలా నిలబడిపోయాడు. మిగతా మాటలన్నీ అత్త తనకు తోచిన చప్పుళ్ళతోనే పూర్తి చేసింది. చివర్న అందరికీ చిత్రాన్నం పెట్టింది. విజన్‌గారు రెండోసారి వడ్డించుకుంటూ, "మీ తెలుగు ఎంత బావుందాంటీ! వింటూ ఉండొచ్చు" అన్నాడు. అదే తెలుగు. ఫ్యానుండాదని నేను చెప్పిన అదే తెలుగు! నేను చిత్రాన్నం ముట్టలేదు. ఆకలి మాత్రం చాలా ఉంది.

ఆట విడుదలైంది. తెర మీద 'ఝుర్వందీ భాష' అని పడింది, కింద మా అత్త పేరు, ఇంటిపేరుతో సహా. నా పేరు చివర్న కృతజ్ఞతల్లో, పార్కింగు చోటిచ్చిన ప్లైవుడ్ దుకాణం ఆయనకూ కాఫీ మెషీను బాగుచేసే అతనికీ మధ్యలో పడింది, ఒక అక్షరం ఎగిరిపోయి. మూడు మెయిళ్ళు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఆడినవాళ్ళు మాత్రం రాజకుమారుడి మౌనంలో ఎంత లోతుందో అని తెగ పొగిడారు. అది లోతు కాదు, నా మొండితనం. దానికైనా నా పేరు వేయొచ్చు కదా!

ఆ తర్వాత నేను వేరే ఇంటికి మారాను. ఎప్పుడు కాటన్‌పేట వెళ్ళినా, నేను మెట్లెక్కుతుండగానే మూడో అంతస్తు నుంచి "లూమెనా?" అని వీధంతా వినపడేలా అరిచేది అత్త. నేను పట్టుబట్టి ప్రతిసారీ తెలుగులోనే, "తిన్నాలే అత్తా" అనేవాణ్ణి, తినకపోయినా సరే. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడామె మెట్ల దాకా రాలేకపోతోంది. మొన్న వెళ్ళినప్పుడు లోపలి గదిలో మంచం మీద నుంచే, స్టూడియోలో అన్నంత మెత్తగా "లూమెనా?" అంది. నేను చెప్పులు విప్పుతూ, "నూలె" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

అత్త దిండుకు ఆనుకుని లేచి కూర్చుంది. తర్వాత, "ఇప్పుడొచ్చిందా నోట్లోంచి?" అంది. "ఆ బిడ్డ ఇన్నేండ్లూ నిలబడే ఉండాడు కదప్పా. రా, ఆ అన్నం తట్ట తీసుకో."

ఇంటికొచ్చి పాత నోటుబుక్కు వెతికి తీశాను. నలభై ఒకటో పేజీలో రాశాను: నూలె, అంటే 'తినలేదు, పెట్టు'. ఇది నియమాలకు పూర్తిగా విరుద్ధం. ఇరవై మూడేళ్ళప్పటి ఆ మొండివాడు ఒప్పుకునేవాడు కాదు, ఆకలితో నిలబడేవాడే తప్ప. వాడి తరఫున కూడా కలిపి, ఆ మాట పక్కనే నా పేరు రాసుకున్నాను, ఒక్క అక్షరం కూడా ఎగిరిపోకుండా.