బజరు మీద నల్లటేపు

మా బావ మాట తేనె. నిప్పులు తొక్కుతూ ఫోను చేసిన మనిషి కూడా ఆయనతో మాట్లాడాక చల్లబడాల్సిందే. ఆయన ఉద్యోగమూ అదే. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు పాడైనవాళ్లు ఫోను చేసి తిట్టే తిట్లన్నీ లాప్‌టాప్ ముందు కూర్చుని వింటాడు. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదు. మాట్లాడే పని మా అక్కదే.

అక్క కిడ్నీలు రెండూ పాడయ్యాక వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పలేదు. ఆ ఖర్చు బావ కంపెనీ బీమా భరించేది. ఉద్యోగం ఉంటేనే బీమా, బీమా ఉంటేనే అక్క. సెలవు దొరకదు, ఆమెను ఒంటరిగా పంపలేడు. ఆస్పత్రి వరండాలో కూర్చుందామంటే టీవీ గోల, ప్లగ్గులన్నీ యంత్రాలకే. చివరికి ఆస్పత్రి వెనకవైపు నిలిపిన పాత కారే ఆఫీసయింది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో చిన్న ఇన్వర్టర్ గుచ్చి, దానికి లాప్‌టాప్ తగిలించి, స్టీరింగ్‌కు పొట్ట ఆనించుకుని ఊళ్లోవాళ్లందరికీ క్షమాపణలు చెప్పేవాడు. నేను 'కారాఫీసరు గారూ' అని పిలిస్తే, "ఆఫీసు మీ అక్కదిరా, నేను గుమస్తాని" అనేవాడు.

డయాలసిస్ అయ్యాక అక్క నీరసంగా దిగివచ్చి కారు తలుపు పట్టుకుని, "పనైందా?" అని అడిగేది. అయినా కాకపోయినా ఆయన జవాబు ఒకటే. "అయింది, పద వెళ్దాం."

మధ్యమధ్య ఇంజను ఆన్ చేస్తుండాలనీ, లేకపోతే కారు బ్యాటరీ దిగిపోతుందనీ మెకానిక్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. బ్యాటరీ దిగుతుంటే ఇన్వర్టరే బజరు మోగిస్తుందని కూడా చెప్పాడు. మోగించేది కూడా. వచ్చిన చిక్కల్లా ఆ కూత కస్టమర్ల చెవిన పడటమే. ఇద్దరు ముగ్గురు ఫిర్యాదు చేశారు. ఇంకోసారి ఆ చప్పుడు వినిపిస్తే వేరే ఉద్యోగం చూసుకోమని పైఅధికారి అన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. బావ బజరు రంధ్రం మీద నల్లటేపు నాలుగు పొరలు అంటించి, పైన తువ్వాలు చుట్టేశాడు. అది అక్క కోసమే చేశాడు.

ఆ రోజు ఆస్పత్రిలో ఏసీ చెడిపోయి వార్డు కిటికీలు తెరిచారు. వాచ్‌మన్ వచ్చి, పొగ లోపలికి పోతోంది, ఇంజను ఆపమన్నాడు. కారుకు సరిగ్గా పైనున్న మొదటి కిటికీ అక్క మంచం పక్కదే. బావ వెంటనే ఆపేసి, వాచ్‌మన్‌కు కూడా క్షమాపణ చెప్పాడట. తర్వాత ఎవరో పెద్దమనిషి ఫోనులో ఎంతకీ వదల్లేదు. తువ్వాలు కింద ఇన్వర్టర్ అరిచి అరిచి ఆగిపోయింది. లాప్‌టాప్ తనలో మిగిలిన కాస్త ఛార్జింగ్‌తో నడుస్తూనే ఉంది కాబట్టి ఆయన గమనించలేదు.

పైన నేను అక్క దగ్గరున్నాను. ఉన్నట్టుండి గుండెలో నొప్పి అంది. ఒళ్లంతా చెమట. ఇక్కడ చూసే డాక్టరు లేడు, అంబులెన్స్ వేరేచోటికి వెళ్లింది, మీకు కారుందిగా, పెద్దాస్పత్రికి పరుగెత్తండి అంది నర్సు. చక్రాల కుర్చీలో కిందికి తెచ్చి వెనకసీటులో పడుకోబెట్టాను. తల నా ఒళ్లో ఉంది. ఆ స్థితిలో కూడా, "పనైందా?" అంది.

బావ లాప్‌టాప్ పక్కకి తోసేశాడు. తాళం తిప్పాడు. టక్‌మంది, అంతే. మళ్లీ తిప్పాడు. తువ్వాలు లాగి ఇన్వర్టర్ చూశాడు. ఆ ముఖం నేను మర్చిపోలేను. నేనూ వాచ్‌మనూ కారు తోశాం. గేటు వైపు ఎత్తు, కదిలినట్టే కదిలి వెనక్కి వచ్చేది. మందులు దింపడానికి వచ్చిన వ్యాన్‌లోకి చివరికి అక్కను మోసుకెళ్లాం. దారిలోనే పోయింది.

ఇంకాస్త ముందు తెచ్చుంటే అన్నాడు పెద్దాస్పత్రి డాక్టరు, బావ ఎదుటే. ఆ మాట అనకపోతే ఆయన సొమ్మేం పోయింది? నేనూ తక్కువ తినలేదు. చాలాకాలం బావ గుమ్మం తొక్కలేదు. నాకు ఆయనంటే అసహ్యం వేసింది.

కారు అమ్మెయ్యమని చెప్పడానికి మొన్న వెళ్లాను. ఇంట్లో కరెంటుంది, చప్పుడు చేసే మనిషి లేదు. ఆయన మాత్రం వాకిట్లో నిలిపిన కారులోనే కూర్చుని ఎవరికో క్షమాపణ చెబుతున్నాడు. వెళ్లి పక్కసీటులో కూర్చున్నాను. ఇన్వర్టర్ మీద టేపు లేదు, జిగురు మరకలున్నాయి. ఇంతలో బజరు మోగింది.

"ఒక్క క్షణం ఆగండి, కారు స్టార్ట్ చెయ్యాలి," అన్నాడు బావ ఫోనులో. అవతలి మనిషి కేకలు నాకు కూడా వినిపించాయి. ఆయన పట్టించుకోకుండా తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకుంది.

బావ హెడ్‌ఫోన్స్ తీసేసి ఖాళీ వెనకసీటు వైపు తిరిగాడు.

"అయింది, పద వెళ్దాం," అన్నాడు.