ఎడమ కాలికి పని లేని బండి

స్టీరింగు పట్టిన చేతికి ఊళ్లో ఒక మర్యాద ఉండే రోజులవి. ఎనభైల మొదట్లో మా వరంగల్‌లో లెక్చరరు ఎదురొచ్చినా తల తిప్పుకుని పోయేవాళ్లు, జీపు డ్రైవరు కనిపిస్తే మాత్రం చాయ్ తాగిపొమ్మని పిలిచేవాళ్లు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. గుంత మగ్గం దగ్గర కూర్చుని, గుంతలోకి కాళ్లు దించి, కింద ఉన్న రెండు చెక్కలనూ ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేయడం నాకు మీసం రాకముందే వచ్చు. కుడి కాలు దిగితే ఎడమ లేవాలి, కుడి లేస్తే ఎడమ దిగాలి, అంతే. ఇందులో మెదడుకు పనేమీ లేదు (అందుకే నీకంత బాగా వచ్చిందని మా అక్క అనేది). నా మనసు మాత్రం స్టీరింగు మీద ఉండేది. ములుగు రూట్లో జీపు నడిపే మా బావను కాళ్లావేళ్లా పడి బతిమాలి డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చిన రోజున దాన్ని చొక్కా పైజేబులో సగం బయటికి కనిపించేలా పెట్టుకుని బజారంతా తిరిగాను. ఎవరూ అడగలేదు, నేనే చూపించాను.

ఆ బావే హనుమకొండలో ఒక డాక్టరమ్మకు డ్రైవరు కావాలని కబురు తెచ్చాడు. ఆమెకు చిన్నప్పుడే ఎడమ మోకాలు దెబ్బతిన్నది. క్లచ్ తొక్కలేదు కనుక, హైదరాబాదులో ఎవరో అమ్ముకుంటుంటే క్లచ్ లేని విదేశీ బండి ఒకటి కొనుక్కుంది. ఊళ్లో తానే నడుపుకునేది కానీ దూరం పోవాలంటే మనిషి కావాలి. ఆదివారం తననూ వాళ్లమ్మనూ పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లి తీసుకొస్తే, ఆ తర్వాత నౌకరి సంగతి చెప్తానంది. ఇది నా షోకుకు సంబంధించిన విషయమే అయితే ఇంత భయపడేవాణ్ని కాదు. ఆ ఏడాది మా జంపఖానాలు అడిగేవాళ్లు తగ్గిపోయి, నాయిన ఒక్కడికే మగ్గం మీద చేతి నిండా పని లేదు. నేను ఇంకో దారి చూసుకోక తప్పదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనడం లేదు.

బండి తాళాలిస్తూ డాక్టరమ్మ, దీనికి రెండే పెడల్స్ ఉన్నాయి, జర చూసుకొమ్మంది. నాకు నవ్వొచ్చింది. రెండు కాళ్లు, రెండు పెడల్స్. మూడు పెడల్స్ ఉన్న జీపులోనే కదా ఏ కాలు ఎక్కడ పెట్టాలో తికమక. "నేను పుట్టిందే రెండు చెక్కల మీదమ్మా, మీరు ఫికర్ చేయకుండ్రి" అన్నాను. తర్వాత నన్ను ముంచింది ఆ మాటే.

కుడి కాలు నొక్కగానే బండి మెత్తగా కదిలింది. మొదటి మలుపు దగ్గర నిమ్మళంగా పోదామని కుడి కాలు లేపాను. అది లేవగానే ఎడమ కాలు, నన్ను అడగకుండా, తన వంతు వచ్చిందనుకుని నిండు బరువుతో దిగింది. బండి గోడకు తగిలినట్టు ఆగింది. పక్కనున్న డాక్టరమ్మ రెండు చేతులూ ముందుకు ఆనించి నిలదొక్కుకుంది. వెనక కూర్చున్న వాళ్లమ్మ, ఆ పెద్దమ్మ, పూలూ కొబ్బరికాయలున్న బుట్టతో సహా, సీట్ల మధ్యకు జారింది. కంగారులో కుడి తొక్కాను, బండి దుమికింది. భయపడి కుడి లేపాను, ఎడమ దిగింది. హనుమకొండ దాటేసరికి ఆ విదేశీ బండితో నేను గజమున్నర జంపఖానా నేసి ఉంటాను. సైకిలు మీద పోయే ఒకాయన మమ్మల్ని దాటిపోయి, ఏమైందో చూద్దామని ఆగి మరీ నిలబడ్డాడు. పెద్దమ్మ కొంతసేపు దేవుణ్ని తలచుకుని, చివరికి ఓపిక చేసుకుని, "బిడ్డా, బండికి ఎక్కిళ్లు పట్టినట్టున్నయ్, జర నీళ్లు తాపు" అంది.

ఓ చింతచెట్టు నీడన ఆపమంది డాక్టరమ్మ. ఆపడం ఒక్కటే నాకు బాగా వస్తోంది అప్పటికి.

"బ్రేకు ఏ కాలుతోని తొక్కుతానవ్?"

"ఎడమ కాలుతోనమ్మా. కుడి కాలు ఖాళీ లేదు గదా."

రెండు పెడల్సూ కుడి కాలితోనే తొక్కాలనీ, ఈ బండిలో ఎడమ కాలికి అసలు పనే లేదనీ ఆమె ఓపిగ్గా చెప్పింది. ఒక కాలు చాకిరీ చేస్తుంటే ఇంకోటి పెళ్లికొడుకులా ఊరికే కూర్చోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అయినా సరేనన్నాను. నేను విన్నాను కానీ కాలు వినలేదు. నాలుగు గజాలు పోయామో లేదో మళ్లీ దిగింది. డాక్టరమ్మ మళ్లీ పక్కకు ఆపమని చేత్తో సైగ చేసింది. తిట్టి ఉంటే బాగుండేది. నౌకరి పోయిందనుకున్నాక దాచేదేముంది, మగ్గం సంగతంతా చెప్పేశాను. ఆమె అంతా విని, పేషెంటును చూసినట్టు నా ఎడమ కాలును చూసింది. "చెప్పు ఇడువు. బువ్వకు కూసున్నట్టు ఆ కాలు మడిచి కిందేస్కో" అంది.

అలాగే మడిచి, దాని మీద కూర్చుని బండి తీశాను. ములుగు దారంతా బండి నూనె మీద జారినట్టు పోయింది. పెద్దమ్మ నిద్రపోయింది కూడా. నేను మాత్రం ఇంత చదువుకున్నావిడకు బువ్వ పీట ఉపాయం ఎలా తట్టిందా అని ఆశ్చర్యపోతూ నడిపాను.

పాలంపేటలో ఠీవిగా తలుపు తీసి దిగాను. అంతదూరం నా బరువు మోసిన ఎడమ కాలు మొద్దుబారిపోయిందని నేల మీద పడ్డాక తెలిసింది. లేచి, బుట్ట పట్టుకుని, కుంటుకుంటూ నడిచాను. నా ముందు డాక్టరమ్మ, ఆమె ఎప్పుడూ నడిచినట్టే, అదే కాలితో కుంటుతూ నడుస్తోంది. పూలమ్మే ఆమె మమ్మల్ని మార్చి మార్చి చూసి, "అయ్యో, ఇంటిల్లిపాదికి గట్లనేనా" అని జాలిపడింది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక అక్కడే ఒక రాతి మీద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని, "ఇద్దరిదీ ఎడమ కాలు పనికిరాదు. ఒకటో తారీఖు నుంచి రా" అంది.

నెల రోజులు కాలు మడిచే నడిపాను. తర్వాత దానికే బుద్ధి వచ్చి, దించినా కదలకుండా ఊరుకోవడం నేర్చుకుంది. మా ఇంటిల్లిపాదీ సంతోషపడ్డారు. కొన్నాళ్లకు నాయినకు జ్వరమొచ్చింది, ఇవ్వాల్సిన జంపఖానా సగంలో ఉంది. నాకదెంత పని అని పొద్దున్నే మగ్గం దగ్గర కూర్చున్నాను. కుడి కాలు దిగింది, లేచింది. ఎడమ కాలు కదల్లేదు. కావాలని తొక్కితే వేళ తప్పి తొక్కింది. అడ్డంగా వేసిన పేక నిలవకుండా నేసిందంతా వదులై ఊడొచ్చింది. నాయిన దుప్పటి కప్పుకునే లేచి వచ్చి, పోగులు చూశాడు, గుంతలోకి వంగి నా కాలు చూశాడు.

"లే బిడ్డా. ఆ కాలు నౌకరికి పోయింది" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. ఆ మాట బావకు చెప్పాను, డాక్టరమ్మకు చెప్పాను, పిలిచి చాయ్ పోసిన వాళ్లందరికీ చెప్పాను, అందరూ నవ్వారు. ఆ డ్రైవరు కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. ఎంత గర్వం వాడికి. ఆ పొద్దున నాయిన నవ్వకుండా, నేను లేచిన చోట జ్వరంతోనే కూర్చుని కాళ్లు గుంతలోకి దించాడన్న సంగతి గుర్తు రావడానికి మాత్రం వాడికి ఇన్నేళ్లు పట్టింది.