కోటమ్మ తిట్టని మనిషి

చల్లపల్లిలో అవనిగడ్డ బస్సులు ఆగే చోట కోటమ్మ టిఫిను హోటలు ఉంది. బోర్డు లేదు. ఇడ్లీ మెత్తన, నోరు గరుకు. మేం వెళ్ళేది ఆ నోటి కోసమే. ఆమె భాషలో "వెధవా" అంటే వచ్చావా నాయనా అని. "సన్నాసీ" అంటే ఇంకో ఇడ్లీ వేస్తున్నానని. "దొంగ సచ్చినోడా" అనే హోదా రావాలంటే మాత్రం కనీసం రెండు వానాకాలాలు ఆమె చేతి తిండి తినాలి.

మందుల షాపు నడుపుకునే నాకు ఆ హోదా వచ్చి చాలా కాలమైంది. ఆర్టీసీ డ్రైవరు ఏడుకొండలు నాకంటే సీనియరు. అతను గుమ్మంలో కాలు పెడితే చాలు, "ముదనష్టపోడా, బస్సు ఏ కాలవలో తోసొచ్చావురా" అని పలకరిస్తుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఇర్ఫాన్‌ని "అడ్డగాడిదా" అంటుంది. పెళ్ళి కుదిరిన రోజు కూడా అతను పనిగట్టుకుని వచ్చి ఆ మాట అనిపించుకుని వెళ్ళాడు.

ఎవరినైనా "గారూ" అన్నదంటే వాళ్ళ పని అయిపోయినట్టే. పమిడిముక్కల నుంచి వచ్చిన ఒక ధాన్యం వ్యాపారి చట్నీలో వేలు ముంచి మొహం చిట్లించాడు. "వెళ్ళిరండి బాబుగారూ" అంది. ఆయన మళ్ళీ ఆ వైపు రాలేదు.

ఇలాంటి చోటికి శామ్యూల్ రాజ్ వచ్చిపడ్డాడు. బ్యాంకు మేనేజరు. నలభై దాటిన మనిషి. భార్య ఒంగోల్లో టీచరు, పిల్లలు అక్కడే చదువుకుంటున్నారు, ఈయన ఇక్కడ అద్దెగదిలో ఒంటరిగా ఉంటాడు. "రండి సార్. చట్నీ ఇంకాస్త వేయమంటారా సార్." కోటమ్మ నోట ఆ మాటలు వింటుంటే మాకు తిన్నది అరిగేది కాదు.

మొదట్లో ఆయన మురిసిపోయాడు. పోనుపోను మొహం వాడిపోయింది. ఒకరోజు తలనొప్పి మాత్రల కోసం నా షాపుకి వచ్చి, ఉండబట్టలేక అడిగేశాడు.

"నేనేం తప్పు చేశానండీ? అందర్నీ తిడతారు, నన్ను తిట్టరేం?"

"మీరు ఆఫీసరు కదండీ."

"ఇంట్లో ఏవండీ అంటారు, బ్యాంకులో సార్ అంటారు. నాతో చదువుకున్నవాళ్ళు కూడా లోను కావాలని ఫోన్ చేసి సార్ అంటున్నారండీ. ఒక్క వెధవా అనిపించుకోవడానికి ఏం చెయ్యాలి?"

నా షాపులో దానికి మందు లేదు. కోటమ్మనే అడిగాను. ఆమె అట్టు తిరగేస్తూ చెప్పింది. "బ్యాంకోళ్ళు మూడేళ్ళకి ఎగిరిపోతార్రా, దొంగ సచ్చినోడా. పోయేవాణ్ణి నోరారా తిట్టుకుని, ఆనక నేనేం అయిపోవాలి?"

ఈ సంగతి చెప్పినా ఆయన పట్టు వదల్లేదు. సగం ఇడ్లీ ప్లేట్లో వదిలేశాడు. మేమైతే ఆ నేరానికి మా వంశమంతా తిట్లు తినేది. ఆయన్ని "ఒంట్లో బాలేదా సార్" అని అడిగింది. పొయ్యి ఆర్పేశాక వచ్చి పెసరట్టు అడిగాడు. మళ్ళీ వెలిగించి వేసిచ్చింది. చివరికి ఆయన బుర్రకు ఏం తోచిందో, ముందు మనం అంటే తర్వాత వాళ్ళూ అంటారని లెక్క వేసుకున్నట్టున్నాడు. హోటలు కిటకిటలాడుతున్న వేళ గొంతు సవరించుకుని అన్నాడు.

"ఏమే ముసలీ, ఇంకో రెండు ఇడ్లీ పడెయ్."

అద్దం ముందు సాధన చేసినట్టే ఉంది. కానీ అక్కడి ఏర్పాటు అది కాదు. ఆమె అంటుంది, మేం పడతాం. మేం ఆమెని అత్తా అంటాం, పిన్నీ అంటాం. ఏమే అన్న మగాడు లేడు. ఏడుకొండలు గొంతుకి పూరీ అడ్డం పడింది. కోటమ్మ చెయ్యి ఇడ్లీ పాత్ర మీదే ఆగిపోయింది. కాసేపటికి రెండు ఇడ్లీలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తినండి, మేనేజరుగారూ."

ఆయన తినలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. గదిలో కూర్చుని బిస్కట్లు తింటున్నాడని బ్యాంకు స్వీపరు చెప్పింది. నవ్వుదామనుకున్నాం గానీ ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ వారంలోనే, నేను చెక్కు వేయడానికి వెళ్ళి లైన్లో నిలబడి ఉండగా, కోటమ్మ క్యారేజీ పట్టుకుని బ్యాంకులోకి వచ్చింది. ఎవర్నీ అడక్కుండా తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది. తలుపు బార్లా తెరిచే ఉంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ మేస్తున్నావురా, వెధవా?"

సెక్యూరిటీ గార్డు లేచాడు. శామ్యూల్ రాజ్ అతన్ని కూర్చోమని చెయ్యూపాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మూతి మాత్రం చెవుల దాకా సాగింది.

"ఆవేళ తప్పుగా మాట్లాడానమ్మా."

"తప్పే. ఆ మాట మా ఆయన అనేవాడు. పసుపు బట్టలు మార్చకముందే ముసలీ అన్నాడు, ఆయన మొహం మండ. ఆయన పోయాక అందరూ అమ్మా, అత్తా అనేవాళ్ళే. ఏమే అనేవాడు ఒక్కడూ మిగల్లేదు. నువ్వనేసరికి నాకు చెయ్యి ఆడలేదు."

ఆయన భయం భయంగా అడిగాడు. "మరి, మళ్ళీ అనమంటారా?"

"జనంలో అన్నావంటే అట్లకాడ విరుగుద్ది." క్యారేజీ బల్ల మీద పెట్టింది. "పొయ్యి వెలిగించే వేళకి రా. అప్పుడెవరూ ఉండరు. ఒక్కసారి అను, చాలు. మూడేళ్ళకి పోతే పోదువులే."

ఈ మాట సాయంత్రానికల్లా ఊళ్ళో అందరికీ తెలిసింది. హోటల్లో దాని ఊసు ఎవరం ఎత్తలేదు. మర్నాటి నుంచి మాత్రం ఏడుకొండలు, ఇర్ఫాన్, నేను, అందరం హోటలుకి కాస్త ఆలస్యంగా వెళ్తున్నాం. ఇంతసేపు ఎక్కడ చచ్చార్రా అని కోటమ్మ రోజూ తిడుతుంది. పడుతున్నాం.