ఓస్మో పంతొమ్మిది

ఎవరి మీద కోపం వచ్చినా ఓస్మో తిట్టడు, పంతొమ్మిదిలో పడేస్తాడు. ఫిన్లండ్‌లోని యోయెన్సూ విశ్వవిద్యాలయంలో అందరి లెక్కలూ మోసే పెద్ద యూనిక్స్ కంప్యూటరుకి ఆయనే కాపలాదారు. అందులో ఎవరి పనికి ముందు వంతో, ఎవరిది వెనకో ఒక అంకెతో తేలుతుంది. మామూలు జనానికి సున్నా. పంతొమ్మిదంటే బంతిలో ఆఖరి విస్తరి. అందరూ చేతులు కడుక్కున్నాక ఏమైనా మిగిలితే వడ్డిస్తారు.

కాఫీ కప్పు కడగకపోతే పంతొమ్మిది. తలుపు దడాలున వేస్తే పంతొమ్మిది. ఒకసారి డీన్ ఆవిరిస్నానాల గదిలో తువ్వాలు పరుచుకోకుండా బల్ల మీద కూర్చున్నాడు. సోమవారం నుంచి తన టైంటేబుల్ లెక్క నత్తలా పాకుతోందని ఊరంతా చెప్పుకుని వాపోయాడు.

అడవుల చదువు చదివే విద్యార్థిని సైమి చేసిన నేరం దాల్చినచెక్క రొట్టె. కాఫీ గదిలో అందరి పళ్ళెంలో ఆఖరిది తినేసి, కొత్తవి తేలేదు.

"పంతొమ్మిది," అన్నాడు ఓస్మో, ఖాళీ పళ్ళెం చూసి.

"శుక్రవారం మధ్యాహ్నానికి, చెట్లు ఎంత పెరుగుతాయో చెప్పే నా అడవి లెక్క తేలాలండీ. లేకపోతే డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది."

"రొట్టె మింగేటప్పుడు గుర్తు రాలేదా?"

"ఇలా అయితే నా లెక్క కంటే బయట చెట్లే ముందు పెరుగుతాయి."

"అయితే టేపు పట్టుకెళ్ళి కొలుచుకో."

గురువారం పొద్దున సైమికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఎవరూ చేయని పని చేసింది. ఓస్మో నోటిమాట పక్కన పెట్టి, నడుస్తున్న పనుల పట్టిక తెరిచి ఆ అంకెలు తనే చదివింది. తన పేరు పక్కన పంతొమ్మిది లేదు. మైనస్ పదిహేను ఉంది.

తిన్నగా ఆయన గదిలోకి దూసుకెళ్ళింది.

"పంతొమ్మిది చాల్లేదా? సున్నా కింద గొయ్యి తవ్వి మరీ పాతిపెట్టారా? ఒక్క రొట్టెకా?"

ఓస్మో ముఖం పాలిపోయింది. ముందు లేచి తలుపు మూశాడు.

"మెల్లగా మాట్లాడు. ఆ అంకె ఎంత దిగితే వంతు అంత ముందుకొస్తుంది. మైనస్‌లోకి దించడం ఇక్కడ నా ఒక్కడి వల్లే అవుతుంది. నువ్వు రొట్టె తిన్న సోమవారమే దించాను. ఇవాళ మూడింటికల్లా తేలిపోతుంది, పో."

"మరి పంతొమ్మిదిలో ఉన్నది..."

ఆమెకి పట్టిక గుర్తొచ్చింది. అందులో ఆ అంకె ఒక్క పేరు పక్కనే ఉంది. అది ఓస్మోది.

"పళ్ళికిలించకు," అన్నాడాయన. "ఏడుస్తూ వెళ్ళు. నవ్వుతూ వెళ్తే రేపటికి నా గుమ్మం ముందు బారులు తీరతారు."

సైమికి ఏడుపు రాలేదు. మఫ్లరులో ముఖం దాచుకుని, భుజాలు కుదుపుకుంటూ వరండాలోకి వచ్చింది. ఎదురైన డీన్ జాలిగా ఆగాడు.

"ఊరుకో తల్లీ. ఆ మనిషికి గుండె లేదు."