బండికి మూడో లైటు

మా అమ్మాయి స్కూటరు స్టార్టు చేసిన చప్పుడు వింటే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తుతాను నేను. ఇప్పటికీ అంతే. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే ఇది రాస్తున్నది ఆ అమ్మాయే. ఈ మొదటి మాట రాయగానే కలం ఆపి నా మొహంలోకి చూసింది. రాయవే, అబద్ధమా అన్నాను.

మాది అరకు పైన కొండ మీద ఊరు. ఇంటి వెనక కాఫీ మొక్కలు, వాటి మీద నీడకి వేసిన చెట్లకి మిరియాల తీగలు, వాకిటి ముందు నుంచి కిందకి దిగే ఘాట్ రోడ్డు. శీతాకాలం వచ్చిందంటే తొమ్మిది దాటితే గాని మంచు విడదు. దారికి అడ్డంగా నిలబడ్డ ఆవు కూడా కొమ్ము తగిలితేనే తెలుస్తుంది.

మా ఆయన పోయి ఆరేళ్ళు. కాఫీ పండు కోతకి మనుషుల్ని పిలుచుకొస్తానని పొద్దున్నే మోటారుసైకిలు మీద దిగాడు. రెండో మలుపులో జీపు గుద్దింది. బండికి లైటు లేక కాదు, ఉంది. ముసలి లైటు, చోడిపిండి అంబలిలా మసగ్గా, పచ్చగా వెలిగేది. ఆ జీపు తోలేవాడు తనే పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చి వాకిట్లో కూలబడ్డాడు. "కనబడనేదమ్మా, కనబడనేదు" అని అదే మాట. ఇంకో మాట రాలేదు అతనికి. తాగి లేడు, జోరుగానూ రాలేదని జీపులో ఉన్నవాళ్ళందరూ చెప్పారు. నేను తిట్టలేదు. కానీ ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు. అతనిప్పటికీ ఆ రోడ్డు మీదే జనాన్ని ఎక్కించుకుని తిరుగుతాడు. మాకు ఇంకో రోడ్డు లేదు మరి.

అదే రోడ్డు మీద మా అమ్మాయి రోజూ ఆరింటికి బయల్దేరుతుంది. కింద సబ్‌సెంటర్లో నర్సు. తల్లులు తోటలకి వెళ్ళిపోకముందే పిల్లల్ని తూచాలి, సూదులు వెయ్యాలి. ఉద్యోగం రాగానే స్కూటరు కొనుక్కుంది. ఊరంతా చూడటానికి వచ్చారు. నేను మాత్రం ముందున్న లైటు మీద చెయ్యి పెట్టి చూశాను. అరచేయంత లేదు.

"ఈ లైటు సాలదే."

"కంపెనీ లైటమ్మా. బాగానే సాల్తాది."

"మీ నాన్న బండికీ కంపెనీ లైటే."

ఆ శుక్రవారమే సంతకి వెళ్ళినప్పుడు పిల్ల నన్ను బండ్లకి లైట్లు బిగించే కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టాయన రకరకాల ఎల్‌ఈడీ లైట్లు బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ వెలిగించి చూపించాడు. పట్టపగలే కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది.

"ఏ రకం ఇమ్మంటావు పెద్దమ్మా?"

"రకాలు నాకెరక నేదు బాబూ. ఎదరొచ్చినోడి కళ్ళు సెదిరిపోవాల."

"కళ్ళు సెదిరిపోతే ఆడొచ్చి మీ మీదే పడతాడు" అని నవ్వాడు. "పోలీసోళ్ళు కూడా ఆపుతారు. పసుప్పచ్చవి తీసుకో. కింద, సక్రం పక్కన బిగిత్తాను. మంచు అడుగునించి దారి కనబడతాది."

నేను వింటేనా? పసుపుపచ్చ అనగానే మా ఆయన బండి లైటు గుర్తొచ్చింది. తెల్లవే కావాలన్నాను. కింద పెడితే ఎవరికి కనబడతాయి, పైన అద్దాల కాడలకి చెరొకటి పెట్టమన్నాను. పిల్ల నా వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసి, "ఆవిడ సెప్పినట్టే సేసెయ్యండి, నేకపోతే నన్ను పనికెల్లనివ్వదు" అంది. వెనకాల ఎర్రలైటు పట్టీ ఒకటి, మెరిసే స్టిక్కర్లు రెండు వేయించాను. అవి ఇప్పటికీ ఉన్నాయి.

మొదటి వారం ప్రాణం కొంచెం కుదుటపడింది. సాయంత్రం వాకిట్లో నిలబడి చూస్తే, పిల్ల మలుపు తిరగగానే మంచులో రెండు తెల్లటి చుక్కలు కనబడేవి, వాటి ముందు కంపెనీ లైటు కనబడేదే కాదు. పిల్ల మాత్రం సణిగేది.

"ఎదరంతా తెల్లగోడ కట్టినట్టుందమ్మా. లైటేత్తే ఉన్న దారి కూడా పోతంది."

"దారి కనబడకపోతే నెమ్మదిగా ఎల్తావు. మంచిదే కదేటి. నువ్వు ఎదటోడికి కనబడితే నాకు సాలు."

అలా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా నోటి మీద నాకే కొట్టుకోవాలనిపిస్తుంది.

తర్వాతి శుక్రవారం రాజ్మా గింజల మూట ఒళ్ళో పెట్టుకుని నేనూ పిల్ల వెనకాల ఎక్కాను. అది పనిలోకి పోయాక నేను అక్కణ్ణించి జీపులో సంతకి పోవాలని. మంచు బాగా పట్టి ఉంది. రెండో మలుపు దగ్గర నేనెప్పుడూ కళ్ళు మూసుకుంటాను. ఆ రోజూ మూసుకున్నాను. తెరిచేసరికి కింద నుంచి క్యాబేజీ ఆటో ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. దాని వెనకనుంచి జీపు ఒకటి పక్కకి వచ్చి, ఆటోని దాటుతూ తిన్నగా మా మీదకే వస్తోంది.

"అమ్మా!" అని అరిచింది పిల్ల. బండిని ఎడమకి తిప్పేసింది. మా ఎడమ చేతి వైపు కొండ ఉంది కాబట్టి పక్క కాలవలో పడ్డాం. అటు లోయ ఉంటే ఈ మాటలు చెప్పడానికి నేనుండను, రాయడానికి అదీ ఉండదు. జీపు బ్రేకు కీచుమని, మా కాళ్ళకి మూరెడు దూరంలో ఆగింది. మూట ఊడిపోయి గింజలన్నీ రోడ్డు మీద దొర్లాయి.

పిల్ల మోచెయ్యి చీరుకుంది. నేను గింజల మధ్యే కూర్చుండిపోయాను. జీపులోంచి బొజ్జాయన ఒకడు దూకి వచ్చాడు. మా ఆయన్ని గుద్దినతను కాదు, ఈయన మా పక్క కొండ మనిషి. ముందు నన్ను లేవదీశాడు, తర్వాత తిట్టడం మొదలెట్టాడు.

"ఏటప్పా ఇది! బండికి జీపు లైట్లెడతారా?"

"నీకు కనబడనేదా? అంత లైట్లెడితే కనబడనేదా?" నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"కనబడ్డావప్పా! అల్లక్కణ్ణించే కనబడ్డావు. రెండు తెల్ల లైట్లు దగ్గిర దగ్గిరగా ఉంటే ఏటనుకుంతాం? జీపేదో ఇంకా మైలు దూరంలో ఉందనుకున్నాను. బేగి ఆటోని దాటేద్దారని వొచ్చేసాను. ఒక లైటుంటే బండి, రెండుంటే జీపు. మంచులో మాకదే నెక్క."

తిడుతూనే వంగి గింజలు ఏరి నా కొంగులో పోశాడు. జీపులో వాళ్ళు కూడా దిగి ఏరారు. ఒక ముసలమ్మ, "సగం గింజలు రోడ్డుకే మొక్కిచ్చేసినావు, మనుసులు దక్కినారు, అదే సాలు" అంది.

పిల్ల మోచెయ్యి చూసినప్పుడల్లా నాకు ఒకటే బాధ. నేను పెట్టించినవే ఆ లైట్లు. కొట్టాయన వద్దన్నాడు, పిల్ల దారి కనబడట్లేదంది. కనబడాలి, కనబడాలి అని ఒకటే పట్టు పట్టాను. కనబడింది. స్కూటరులా కాదు, దూరంగా ఉన్న జీపులా కనబడింది. ఆ లైట్లు పీకించేస్తే మళ్ళీ ఆ అరచేతి లైటే గతి. ఉంచితే ఇది. నాలుగు రోజులు అన్నం దిగలేదు. నాలుగు రోజులూ దాన్ని జీపులోనే పంపించాను. రోజూ ఆలస్యమేనని పిల్ల మొహం మాడ్చుకునేది.

అయిదో రోజు పొయ్యి ముందు కూర్చుని ఉంటే డోలీ గుర్తొచ్చింది. రోడ్డు పడకముందు, ఒంట్లో బాగోని మనిషిని కర్రకి దుప్పటి కట్టి అందులో పడుకోబెట్టి మోసుకుంటూ కొండ దింపేవాళ్ళు. మా ఊళ్ళో ముందు మోసేవాడి మోకాలి దగ్గరో దీపం, వెనక మోసేవాడి మోకాలి దగ్గరో దీపం కట్టేవాళ్ళు. పక్కన నడిచేవాడు వెదురు చివర ఇంకో దీపం ఎత్తి పట్టుకునేవాడు. రెండే ఉంటే సంతకెళ్ళే వాళ్ళు. మూడోది పైన ఉంటే డోలీ. ఎదురొచ్చేవాళ్ళు ఎంత బరువున్నా మోపు దించి పక్కకి తప్పుకునేవాళ్ళు. ఈ పిల్ల కడుపులో అడ్డం తిరిగినప్పుడు నన్నూ అలాగే దింపారు. పైన ఊగుతున్న ఆ దీపం వైపే చూస్తూ పోయాను.

"బండికి మూడో లైటు పైన ఎడదామే, డోలీకి ఎట్టినట్టు" అన్నాను.

"ఒళ్ళు బాగుండగానే డోలీ ఎక్కించేత్తన్నావేటే నన్ను?"

"నువ్వు డోలీలోనే కదే కొండ దిగినావు. ఏటయ్యింది? బతికి బట్టకట్టనేదా?"

మళ్ళీ ఆ కొట్టుకే పోయాం. నేను తలొంచుకుని, "నువ్వు సెప్పినట్టే సెయ్యి బాబూ" అన్నాను. తెల్లవి తీసేసి పసుప్పచ్చవి రెండు కింద చక్రం పక్కన బిగించాడు, మంచులో కంపెనీ లైటు ఆపేసి ఇవే వెయ్యమన్నాడు. వెనక సీటు దగ్గర ఇనప ఊచ నిలబెట్టి, కూర్చున్న మనిషి తలకన్నా పైకి వచ్చేలా చిన్న లైటు పెట్టాడు. అటూ ఇటూ కనబడేది. మరీ వెలుగొద్దు, బ్యాటరీ దిగిపోతుందన్నాడు. సరేనన్నాను. ఈసారి అన్నిటికీ సరేనన్నాను.

"పెళ్ళి ఊరేగింపులా ఉంది" అంది పిల్ల. పెళ్ళికొడుకేడి అని కొట్టాయన అడిగితే, "ఆడికీ మూడు లైట్లుంటే గాని మా అమ్మ ఒప్పుకోదు" అంది.

లైటు పెడితే సరిపోదు, ఆ లైటంటే ఏమిటో తోలేవాళ్ళకి తెలియాలి. మర్నాడు జీపులు ఆగే చోటికి పోయాను. బొజ్జాయన అందర్నీ పిలిచాడు. "కింద రెండు, పైన ఒకటి. డోలీ నెక్క. అది మా గుంటే, నా కూతురు. మీ కాళ్ళకి మొక్కుతాను, సూసుకోండి నాయనా" అని ఒక్కొక్కరికీ చెప్పాను. చివర జీపు దగ్గర అతనున్నాడు, మా ఆయన్ని గుద్దినతను. టైరుకి గాలి చూస్తూ తల ఎత్తలేదు. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అందరికన్నా ముందు చెప్పాల్సింది అతనికే. తెలుసు. అయినా కొంగు సర్దుకుని తిరిగొచ్చేశాను.

తర్వాత రెండు నెలలు, పొద్దున్నే ఆ పైలైటు మంచులో కరిగేదాకా చూడటం, అతని జీపు ఎక్కే చప్పుడు వినగానే ఇంట్లోకి పోయి తలుపేసుకోవడం. అతనికి చెప్పలేదు, చెప్పలేదు అని లోపల ఒకటే రొద.

ఒక పొద్దున్న పిల్ల వెళ్ళి గంటయిందేమో, వాకిటి ముందు జీపు ఆగింది. అతనే. దిగలేదు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆరేళ్ళ కింద ఆ వాకిట్లోనే కదా కూలబడ్డాడు.

"భయపడకమ్మా, గుంట బాగుంది" అన్నాడు ముందే. "పైలైటు ఎలగట్నేదు. రెండే ఎలుగుతన్నాయి. మలుపుకాడ ఎదురైతే ఆపి సెప్పాను. టైమైపోతందని ఆగనేదు. అందుకని నాను జీపు తిప్పి, దాని ముందర ముందర సబ్‌సెంటరు దాకా తోలి వొచ్చాను."

జీపులోంచి ఎవరో, "ఎక్కిన కొండే రెండుసార్లు ఎక్కించినాడు, ఇంక పద బాబూ" అని విసుక్కున్నారు.

"నీకెవులు సెప్పినారు, మూడని?" అతనితో నేనన్న మొదటి మాట అదే.

"అందరికీ సెప్పావు కదమ్మా. నాకూ ఇనబడింది." గేరు వెయ్యబోయి ఆగాడు. "ఆ మూడూ నెక్కెట్టుకోకుండా ఆ మలుపు దాటను నాను. రోజూ."

సాయంత్రం మళ్ళీ మంచు దిగుతుంది. పిల్ల ఆ రెండు లైట్లతోనే పైకి రావాలి. అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

"సాయంత్రం బండి అక్కడే ఉంచేయమను. గుంటని నీ జీపులో తీసుకొచ్చి దింపు" అన్నాను.

అతను నా వైపు చూశాడు. "నా జీపులోనా?"

"నీ జీపులోనే."

ఆ రోజు ఏ పనీ చెయ్యలేదు. ఆరబెట్టిన కాఫీ కళ్ళముందే కోళ్ళు కెలికేస్తున్నా లేవలేదు. స్కూటరు చప్పుడుకి భయపడటం అలవాటు. జీపు చప్పుడు కోసం ఎదురుచూడటం కొత్త. పొద్దు వాలుతుండగా వచ్చింది. పిల్ల ముందు సీట్లోంచి దిగింది. చేతిలో ఊడదీసిన లైటు, దానికి వేలాడుతున్న తీగ.

"ఎలక కొరికేసిందమ్మా. నిన్న సబ్‌సెంటరు గోడపక్క ఎడితే సగం కొరికింది, పొద్దున్న దార్లో తెగిపోయింది."

దాని చేతులూ మోచేతులూ తడిమి చూసుకున్నాక తల ఎత్తాను. ఎదురుగా ఆ జీపు. ఆరేళ్ళలో దాన్ని తిన్నగా చూడటం అదే. లైట్లు వెలుగుతున్నాయి. రెండు. లెక్కపెట్టాను.

"నీ ఎడం లైటు మసగ్గా ఉంది" అన్నాను. "రేపు పొద్దున్న దిగకముందే మార్పించు."