ముప్పై ఆరో వాసం

క్లోవిస్ గీద్రీకి ఉన్నది ఒకటే జబ్బు: సుత్తి మరిచిపోవడం. యాభై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నవాడు. ఏ తుపానుకు ఎవరింటి రేకు ఎగిరి ఎవరి పెరట్లో పడిందో తేదీతో సహా చెప్పగలవాడు. అలాంటి మనిషి వెర్నా షోవా ఇంటి అటక దిగేటప్పుడు మాత్రం సుత్తి పైనే వదిలేసి చేతులూపుకుంటూ వెళ్ళిపోతాడు. మళ్ళీ శనివారం పొద్దున్నే ఆమె మెట్ల కింద నిలబడి కేక పెడతాడు.

“వెర్నా! నా సుత్తి గాని చూశావా?”

“నీ సుత్తికి నన్ను కాపలా పెట్టావా? పైకెళ్ళి వెతుక్కో. కాఫీ పెడుతున్నా.”

ఆ అటకలో నిలబడితే నెత్తి బొప్పి కడుతుంది. అంత చిన్న చోట సుత్తి వెతకడానికి క్లోవిస్‌కు రెండు గంటలు పట్టేది. పైగా వెతుకుతున్నంతసేపూ ఠపా ఠపా చప్పుడు. ఒకరోజు వెర్నా నిచ్చెన కింద నిలబడి అడిగేసింది.

“సుత్తి దొరక్కపోతే ఆ కొట్టేది దేంతో?”

“ఇది రెండో సుత్తి. కొయ్య మీద కొడితే మొదటిది అదిరి ఎక్కడుందో తెలుస్తుంది.”

“సుత్తిని వెతకడానికి సుత్తా?”

“ముల్లును ముల్లుతోనే తీయాలి వెర్నా.”

ఆ రోజు రెండు సుత్తులూ మరిచిపోయి వెళ్ళాడు. ఒక దశలో వెర్నా అటక మీద నాలుగు సుత్తులు పోగయ్యాయి. ఐదోది కొనబోతే కొట్టువాడు, “ఏం మామా, నంజుకు తింటున్నావా?” అని అడిగాడట. లూసియానా తీరంలో, పాయ గట్టు వెంబడి ఉన్న ఆ బయూ ల్యూసీ ఊరు ఊరంతా నెల రోజులు ఈ మాట చెప్పుకుని నవ్వింది.

ఊరంతా అంటే ఎక్కువమంది అనుకునేరు. వెర్నా పెళ్ళయి వచ్చినప్పుడు ఆ గట్టు మీద పందొమ్మిది ఇళ్ళు. సాయంత్రమైతే రొయ్యల పడవలు తిరిగొచ్చేవి, ఏ వరండాలోనో అకార్డియన్ మోగేది, పిల్లలు ఎవరింట్లో గంబో పులుసు ఉడికితే ఆ ఇంట్లోనే తిని పడుకునేవారు. ఇప్పుడు ఆరిళ్ళు మిగిలాయి. మిగతా చోట్ల ఇళ్ళు మోసిన కర్రస్తంభాలు మాత్రం ఉన్నాయి. కాఫీ తాగుతూ వెర్నా, క్లోవిస్ వరండాలోంచి ఆ స్తంభాలను చూసి, అది ఎవరిది, ఇది ఎవరిది అని చెప్పుకునేవారు.

“తుపాను తీసుకుపోయినవి నాలుగే,” అనేవాడు క్లోవిస్. “తొమ్మిదిళ్ళను బీమా ఉత్తరాలు తీసుకుపోయాయి. తుపానుకైనా పేరుంటుంది, తిట్టుకోవచ్చు. ఉత్తరం కింద సంతకం కూడా అర్థమై చావదు.”

వెర్నాకు కూడా ఏటా ఆ ఉత్తరం వచ్చేది. పాత కంపెనీ ఈ తీరానికే ఒక దండం పెట్టి వెళ్ళిపోయింది. కొత్త కంపెనీ గాలి బీమాకు ఏడాదికి అడిగిన సొమ్ముతో, వెనకటి రోజుల్లో ఆమె భర్త యులీస్ తన మొదటి రొయ్యల పడవ కొన్నాడు. అదీ ఒక్క గాలికే. నీళ్ళకు వేరే బీమా. ఇల్లు పోయినరోజున గాలివాళ్ళు ఇది నీళ్ళ పనే అంటారు, నీళ్ళవాళ్ళు ఇది గాలి పనే అంటారు. పోనీ మానేద్దామా అంటే, కిందటి తుపాను తర్వాత ఇంటిని స్తంభాల మీదికి లేపడానికి తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకా ఉంది. బీమా లేని ఇంటిని బ్యాంకు ఒక్క పూట కూడా ఒప్పుకోదు.

క్లోవిస్ కిందటేడు మే నెలలో ఒక ఉపాయం చెప్పాడు. కప్పు వాసాలన్నిటినీ గోడకు ఇనుప పట్టీలతో బిగిస్తే బీమా బాగా తగ్గుతుందన్నాడు. తన దగ్గర మిగిలిన పట్టీలున్నాయి, ఊరికే కొట్టిపెడతానన్నాడు. ఆ ‘ఊరికే’ అన్నమాటే కొంప ముంచింది.

“ఊరికే ఎందుకు? నేనేమైనా అడుక్కుంటున్నానా?” అంది వెర్నా.

ఆమె సంగతి ఊరికంతా తెలుసు. ఎవరైనా బకెట్ రొయ్యలిస్తే రెండు సీసాల అత్తిపండ్ల జామ్ వాళ్ళింటికి చేరేదాకా ఆమెకు నిద్ర పట్టదు. యులీస్ పోయాక ఆ పట్టుదల మరీ ముదిరింది. ఎవరు జాలిపడతారోనని రెట్టింపు లెక్కన తిరిగి ఇచ్చేసేది. క్లోవిస్ ఆ వారమే, కప్పు ఒకచోట కారుతుంటే ఆపడానికి కూలి తీసుకుని అటకెక్కాడు, దిగేటప్పుడు సుత్తి మరిచిపోయాడు. జబ్బు మొదలైంది అప్పుడే.

ఈ ఏడు ఉత్తరంలో సొమ్ము మరీ పెరిగి వచ్చింది. జూన్‌లో తుపానుల కాలం మొదలయ్యేలోగా కప్పు తనిఖీ చేయించాలని కూడా రాశారు. వెర్నా ఆశ వదిలేసుకుంది. ఉత్తరాన చెల్లెలింట్లో ఒక గది ఉంది. ఆ గది కిటికీలోంచి కార్ల షెడ్డు కనిపిస్తుంది. పాయ కనిపించదు, ఉప్పుగాలి రాదు, పొద్దున్నే యులీస్ పడవ కట్టిన గుంజను చూసి “లేచావా” అని పలకరించడం ఉండదు. అది తలచుకుంటే ఆమెకు అన్నీ వదిలి వెళ్ళకముందే బెంగ పట్టుకుంది. ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు కొని, ఎవరికీ కనిపించకుండా మంచం కింద దాచింది.

మే నెల చివరి శనివారం తనిఖీ చేసే డెనీస్ వచ్చింది. పక్కింటి ఎర్లీన్ కూడా కాఫీ వంకన వచ్చి కూర్చుంది. డెనీస్ టార్చి పట్టుకుని అటకెక్కింది. పావుగంట చప్పుడు లేదు.

“అమ్మా! ఈ పని ఎవరు చేశారు?” అంది పైనుంచి.

“ఏమైంది? ఆ మతిమరుపాయన ఏమైనా విరగ్గొట్టాడా?”

“పైకి రండి, మీరే చూద్దురుగాని.”

వెర్నా నిచ్చెనెక్కింది. టార్చి వెలుగులో వాసం తర్వాత వాసానికి కొత్త ఇనుప పట్టీ మెరుస్తోంది. ప్రతి పట్టీ పక్కనా వడ్రంగి పెన్సిలుతో ఒక తేదీ. అన్నీ శనివారాలే. ఒకటి ఆమె పుట్టినరోజు. ఒకటి యులీస్ సాంవత్సరికం ప్రార్థన మరునాడు. ఇంకొక తేదీ కింద, ‘వెర్నాకు జ్వరం. మెల్లిగా కొట్టాను’ అని ఉంది.

వెర్నా ఆ తేదీలను ఒక్కొక్కటే పైకి చదివింది. నిచ్చెన కింద నుంచి ఎర్లీన్ అందుకుంది.

“మా ఇంట్లో పదేళ్ళు పనిచేశాడే! ఒక్క మేకు కూడా మరిచిపోలేదు. నీ ఇంట్లోనే మతి పోతోందంటే నేనప్పుడే అనుకున్నాను. కాఫీ తాగిన ఇంటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి ఇతన్నే చూశాను!”

“కానీ ఒక్కటి మిగిలిపోయిందమ్మా,” అంది డెనీస్. “ముప్పై ఐదు బిగించారు. ఆ మూల ముప్పై ఆరోది వదిలేశారు. ఒక్కటి వదిలినా కప్పంతా వదిలినట్టే రాయాలి. గాలి అక్కడే పట్టుకుంటుంది. ఇలాగైతే నేను సంతకం పెట్టలేను.”

సరిగ్గా అప్పుడు మెట్ల కింద నుంచి కేక వినిపించింది.

“వెర్నా! నా సుత్తి గాని చూశావా?”

“చూశాను!” అని అరిచింది వెర్నా అటక మీంచి. “పైకి తగలడు!”

ఈలోగా ఎర్లీన్ కూడా పైకెక్కింది. క్లోవిస్ వచ్చి ముగ్గురు ఆడవాళ్ళ మధ్య టోపీ చేత పట్టుకుని వంగి నిలబడ్డాడు. వెర్నా పెన్సిలు తేదీలు చూపించింది.

“చివరి తేదీ జనవరిది. ఇప్పుడు మే. ఈ నాలుగు నెలలూ ప్రతి శనివారం వచ్చావు. రెండేసి గంటలు కొట్టావు. ఏం కొట్టావు?”

“ఉత్త చెక్క.”

“ముప్పై ఆరోది ఎందుకు వదిలేశావు? మరిచిపోయావా?”

క్లోవిస్ టోపీ అంచు మడతపెట్టాడు, విప్పాడు. “అది కూడా కొట్టేస్తే ఇంక రావడానికి పనేముంది?” అన్నాడు.

డెనీస్ గొంతు సవరించుకుని, ఫోటో తీయడానికి తనకింకా పది నిమిషాల టైముందంది. క్లోవిస్ ముప్పై ఆరో వాసానికి పట్టీ పెట్టి మేకులు కొట్టాడు. ప్రతి దెబ్బా, ఇష్టంలేని అన్నం ముద్ద మింగినట్టు, ఆగి ఆగి కొట్టాడు. డెనీస్ సంతకం పెట్టింది. బీమా వెర్నా కట్టగలిగినంతకు దిగుతుందని చెప్పింది. వెర్నా మంచం కింది బోర్డు లాగి పొయ్యి కట్టెల్లో పడేసింది. వెళ్ళేటప్పుడు క్లోవిస్ అటక మీది సుత్తులన్నీ ఏరి సంచిలో వేసుకున్నాడు. ఒక్కటీ మరిచిపోలేదు.

మరుసటి శనివారం వెర్నా అలవాటుకొద్దీ కాఫీ పెట్టింది. మెట్ల కింద కేక లేదు, నెత్తి మీద చప్పుడు లేదు. ఇల్లు దక్కింది గాని, ఆ పొద్దున అది బావురుమంటూ ఉంది. ఇన్నాళ్ళూ తనకు బెంగ పాయ మీదే అనుకుంది. ఆ ఠపా ఠపా చప్పుడు కోసం చెవులు ఇంతగా ఎదురుచూస్తాయని అనుకోలేదు. పది గంటల దాకా ఓర్చుకుంది. తర్వాత కాఫీ పారబోసి, చెప్పులేసుకుని, గట్టు వెంట నాలుగు ఖాళీ స్థలాలు దాటి, క్లోవిస్ ఇంటి మెట్ల కింద నిలబడింది.

“క్లోవిస్! నా కేకు పళ్ళెం గాని చూశావా?”

క్లోవిస్ వరండాలోకి వచ్చి బిత్తరపోయి చూశాడు. “నువ్వు మా ఇంటికి ఎప్పుడొచ్చావు, పళ్ళెం మరిచిపోవడానికి?”

“అదే కదా చిక్కు. రాని ఇంట్లో పళ్ళెం వెతకాలంటే చాలా టైము పడుతుంది. పట్టీలెన్ని కొట్టావు?”

“ముప్పై ఆరు.”

“నేను ఎవరికైనా రెట్టింపే ఇస్తాను, తెలుసుగా. డెబ్భై రెండు శనివారాలు వెతకాలి.”

“ఆ తర్వాత?”

“పళ్ళెం దొరికినప్పుడు చూద్దాంలే. నువ్వు ముందు కాఫీ పెట్టు.”

క్లోవిస్ గబగబా లోపలికి వెళ్ళాడు. చాలాసేపు వంటింట్లో తలుపులు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. కాఫీ డబ్బా ఎక్కడ పెట్టాడో ఈసారి నిజంగానే మరిచిపోయాడు.